ప్రమాణ దుఃఖం ఒకటి, పాడవకుండా అందినది

కొలవడమే మా కొలువు. కిరాణా కొట్టు కాటా నుంచి బంగారం కొట్టు త్రాసు దాకా, పాలవాడి లీటరు గ్లాసు నుంచి బట్టల కొట్టు మీటరు బద్ద దాకా, ఈ చుట్టుపక్కల ఏది దేన్ని కొలవాలన్నా ముందు దాని మీద మా ముద్ర పడాలి. గోదావరి కాలవ గట్టు మీద వెలిసిపోయిన పసుపు రంగు మేడ ఒకటుంది. ప్రాంతీయ కొలమానాల తనిఖీ కార్యాలయం అని దానికో బోర్డు కూడా ఉంది. మధ్యాహ్నం రెండు దాటితే అందులో తూగేవి త్రాసులు మాత్రమే కావని గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్లకి ఒకడి కునుకు కూడా గిట్టదు.

నా పేరు భీమశంకరం. అక్కడ సీనియర్ అసిస్టెంటుని. ఇరవయ్యారేళ్లుగా ఫైళ్లు రాసి రాసి రాయినైపోయాను. మా ఆఫీసులో రాయికి విలువుంది కాబట్టి నెట్టుకొస్తున్నాను.

మహమ్మారి రెండో విడత వచ్చి వెళ్లాక ఆఫీసు తలుపులు మళ్లీ తీశాం. కుర్చీలన్నీ ఉన్నాయి, మనుషులే కొంచెం తక్కువగా వచ్చారు. వచ్చినవాళ్లు కూడా పూర్తిగా రాలేదు. ఒకాయన అన్నం క్యారేజీ విప్పి తినడం మరిచిపోయేవాడు. ఒకావిడ ఫోను మోగితే చాలు, కుర్చీలోంచి లేచి నిలబడేది. అది చూసి మా పై ఆఫీసు పొరపాటున ఒక మంచి పని చేసింది. పొరపాటున అని ఎందుకంటున్నానంటే, తరవాత దాన్ని సరిదిద్దుకుంది.

ఆ మంచి పని రెండు ముక్కలుగా వచ్చింది. ఒకటి, ప్రతి గురువారం ఒక కౌన్సెలర్ వచ్చి, కావలసినవాళ్లతో ముప్పావుగంట చొప్పున మాట్లాడుతుంది. రెండు, 'ఊరట' అని ఒక యాప్. రోజూ అందులో మన మనసెలా ఉందో రెండు ముక్కలు రాసి, దిగులు ఎంతుందో సున్నా నుంచి నూరు దాకా ఒక గీత మీద చూపించాలి.

కౌన్సెలర్ పేరు రాహేలు. నలభై ఏళ్ల మనిషి, నూలు చీర, నెమ్మది గొంతు. కౌన్సిలర్ గారు వచ్చారని విని మా డ్రైవరు బుల్లిరాజు తన వీధి మురిక్కాలవ మీద అర్జీ రాసుకుని వెళ్లాడు. ఆవిడ అర్జీ మొత్తం చదివి, "ఈ కాలవని చూస్తే మీకేం గుర్తొస్తుందండీ?" అని అడిగిందిట. ముప్పావుగంట తరవాత బుల్లిరాజు కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"కాలవ బాగుచేయిస్తానందా?" అన్నాను.

"కాలవ సంగతి మర్చేపోయానండి. మా నాన్న సంగతి చెప్పేశానండి" అన్నాడు.

యాప్ గురించి ఆవిడ మొదటి రోజే చెప్పింది. "ఇది చేతికర్ర లాంటిది. నడిచేది మీరు, పక్కన నేనుంటాను. ఆరు రోజులు ఇందులో రాసుకోండి. ఏడో రోజు ఇద్దరం కూర్చుని అది చూసి మాట్లాడుకుందాం. కర్రకి కర్రే నడవలేదు కదా."

ఇంత తేలిక మాట మా ఆఫీసులో ఎవరికైనా అర్థమయిందీ అంటే అది ఏడుకొండలుకే.

ఏడుకొండలు మా ప్రమాణాల గది సంరక్షకుడు. అద్దాల బీరువాలో, మఖమలు పెట్టెల్లో ఇత్తడి రాళ్లుంటాయి. ఇత్తడివే అయినా తూకానికి వాడేవి గనక రాళ్లే అంటాం. ఊళ్లో ఉన్న ప్రతి కిలోరాయీ ఆ కిలోరాయి ముందు నిలబడి, నేను సరిగ్గానే ఉన్నానా అని అడగాలి. వాటిని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, చెమట తగిలితే బరువు మారుతుంది. ఏడుకొండలు గ్లవుసు వేసుకుని, పటకారుతో ఎత్తి, మెత్తటి గుడ్డతో ముప్పై ఏళ్లుగా వాటిని తుడుస్తున్నాడు. "ఎంత మెత్తగా తుడిచినా గుడ్డకి ఇసుమంత అంటుకుంటుందండి. రాయన్నాక అరుగుద్దండి. అందుకే రెండేళ్లకోసారి పట్నంలో పెద్ద రాళ్ల దగ్గరికి తీసుకెళ్లి సరిచూపించుకోవాలి" అని కొత్తవాళ్లకి చెప్పేవాడు.

అతని భార్య మంగతాయారు రెండో విడతలో పోయింది. ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. ఆవిడకి రాయడం రాదు, ఫోనులో మాట రికార్డు చేసి పంపేది. పన్నెండో రోజు పొద్దున్న అలాంటిదే ఒకటి వచ్చింది. అతను పాలు పొయ్యి మీద పెట్టి, దింపాక విందామనుకున్నాడు. పాలు పొంగేలోపు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది.

ఆ మాట ఈ రోజుకీ అలాగే ఉంది. నలభై ఏడు సెకన్లు. వినలేదు.

"వినేస్తే అయిపోద్దండి శంకరం గారూ" అన్నాడు ఒకరోజు భోజనాల దగ్గర. "ఇప్పుడైతే ఆవిడ నాకు చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది అన్నట్టుంటదండి. అలాగని వినకపోతే పీక మీద కూర్చున్నట్టుంటదండి."

రాహేలు మేడమ్ అతనితో తొందరేం లేదందిట. వినాలనిపించిన గురువారం ఆ గదిలోనే, తన ఎదురుగానే విందామందిట. ఆరు గురువారాలు అయ్యాయి. ఏడో గురువారానికి వినేలాగే ఉన్నానండి అన్నాడు. సరిగ్గా ఆ వారమే సర్క్యులర్ వచ్చింది. సర్క్యులర్ అంటే గుండ్రంగా తిరిగి తిరిగి చివరికి మన నెత్తి మీదే ఆగేది.

దాని సారాంశం: ఊరట యాప్ లెక్కల ప్రకారం దిగులు తక్కువున్న కార్యాలయానికి 'అత్యంత ప్రశాంత కార్యాలయం' అని డాలు, అదే షీల్డు, ఇస్తారు.

మా అధికారి మార్తాండమూర్తి గారు ఆ కాగితం మూడుసార్లు చదివి మీటింగు పెట్టారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టుంటుంది. కాఫీ ఇస్తే "స్వీకరించడమైనది" అంటారు. చల్లారిపోతే "గమనించడమైనది" అంటారు. ఇంటి దగ్గర ఎలా ఉంటారో ఆ ఇంటివాళ్లకే తెలియాలి. కాకపోతే ఒక్క గుణం ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన చేతి మీదుగా ఒక్క తప్పుడు కొలత వెళ్లలేదు. సొంత బావమరిది బియ్యం కొట్టు కాటాలో వంద గ్రాముల తేడా ఉంటే, పండక్కి వెళ్లి, భోంచేసి, చెయ్యి కడుక్కుని దానికి సీలు వేసి వచ్చారు.

మీటింగులో ఆ వారం అంకెలు చదివారు. బుల్లిరాజు దిగులు తొంభై అయిదు.

"కారణం?" అన్నారు.

"మా ఆవిడ బండి నేర్చుకుంటోందండి. నా బండి మీదే నేర్చుకుంటోందండి."

నాది ఎనభై. మా తోడల్లుడు వచ్చి ఇరవై రోజులైంది, వెళ్తానని ఒక్కసారి కూడా అనలేదు. ఏడుకొండలుది ఇరవై.

"ఇరవయ్యేనా?" అన్నారు మార్తాండమూర్తి గారు.

"ఆ రోజు కాస్త తెరిపిగా ఉందండి. పెరుగన్నం తిన్నానండి."

అధికారి గారు కళ్లజోడు తీశారు. "బండి నేర్చుకొనుట తొంభై అయిదు. భార్యావియోగం ఇరవై. ఈ పరికరం దోషభూయిష్ఠమని నిర్ధారించడమైనది. సరిచూడని పరికరంతో కొలుచుట నేరం. కొలమానాల కార్యాలయంలోనే అట్టి నేరం జరుగుట మరీ శోచనీయం."

రాహేలు మేడమ్‌ని కూడా పిలిపించారు ఆ మీటింగుకి. "సార్, అది కాటా కాదండి. డైరీ లాంటిది. ఎవరి అంకె వాళ్లకే. ఒకరిది ఒకరితో పోల్చడానికి కాదు."

"మేడమ్, సున్నా నుండి నూరు వరకు గీతలున్నవి. గీతలున్న ప్రతి వస్తువూ మా పరిధిలోకి వచ్చును."

"అయితే ఉడత కూడానా అండి?" అన్నాడు బుల్లిరాజు వెనకనుంచి. ఆ సాయంత్రం మా కిటికీలో రోజూ కనబడే ఉడత కనబడలేదు.

ఏ కొలతకైనా ఒక ప్రమాణం ఉండాలి. కిలోకి ఇత్తడి కిలో ఉంది, మీటరుకి ఇత్తడి మీటరుంది. దిగులుకి? నూరంటే ఎంత? అది తేలకుండా ఎవడి దిగులు ఎంతో ఎలా తేలుతుంది? ఇది మా వాళ్లు తప్ప ఇంకెవరూ అడగని ప్రశ్న. మా వాళ్లకి తప్ప ఇంకెవరికీ తట్టని జవాబు కూడా వెంటనే వచ్చింది.

"దుఃఖం అందరికీ ఉండవచ్చును. కానీ ఆధారాలు జతపరచిన దుఃఖం ఈ కార్యాలయంలో ఒక్కటే ఉన్నది" అన్నారు అధికారి గారు. ఏడుకొండలు సెలవు చీటీతో పాటు మరణ ధ్రువపత్రం మూడు కాపీలు, సంతకాలతో సహా ఇచ్చి ఉన్నాడు. "కావున ఏడుకొండలు గారి దుఃఖమును నూరుగా ప్రకటించడమైనది. ఇకపై ఇతరుల దుఃఖమును దానితో సరిచూచి నమోదు చేయవలెను. ఏడుకొండలు గారూ, ఇది మీకు లభించిన గౌరవం."

ఏడుకొండలు నిలబడ్డాడు. "నేను తుడిచేవాణ్ణండి. రాయిని కాదండి" అన్నాడు.

"వినయమును గమనించడమైనది" అన్నారు.

మర్నాటికి ఉత్తర్వు వెలువడింది. ఇత్తడి రాళ్ల నిబంధనల్లో ఎక్కడ 'రాయి' అని ఉంటే అక్కడ 'ఏడుకొండలు' అని మార్చి టైపు చేశారు. టైపు చేసింది నేనే గనక ఎవర్నీ అనలేను. ప్రమాణాన్ని గాలి తగలని అద్దాల గదిలో ఉంచవలెను. ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు దాటరాదు. ప్రమాణమును ఒట్టి చేత్తో తాకరాదు. ప్రమాణం సమీపంలో హాస్యోక్తులు నిషిద్ధం. ఆ చివరి వాక్యం నన్ను దృష్టిలో పెట్టుకునే చేర్చారని నా అనుమానం. పెరుగన్నం వల్ల ప్రమాణం ఇరవైకి పడిపోయినట్టు రికార్డులో ఉన్నది గనక పెరుగు, మజ్జిగ, ఆవడలు అనుమతించబడవు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖర్న ఉంది. ఓదార్పు వల్ల ప్రమాణంలో తరుగు ఏర్పడును గనక, ఏడుకొండలు గారి గురువారపు కౌన్సెలింగు తక్షణం రద్దు.

సంగతి తెలిసి రాహేలు మేడమ్ గురువారం దాకా ఆగకుండా వచ్చి, అధికారి గారి గదిలోకి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది గనక మేమందరం పని మానేసి శ్రద్ధగా విన్నాం.

"సార్, ఆ మనిషి ఆరు వారాలు కష్టపడి ఒక గుమ్మం దాకా వచ్చాడు. ఇప్పుడు వెనక్కి లాగకూడదండి."

"మేడమ్, మీరు కిలోరాయిని అరగదీస్తానని అడుగుతున్నారు."

"ఆయన దుఃఖం తగ్గడం మంచిదే కదండీ?"

"ఆయనకు మంచిదే. కానీ నూరు తొంభై అయితే లోకంలో తక్కినవాళ్ల దుఃఖములన్నీ తప్పుగా నమోదగును. ఒక్కరి ఊరట కొరకు కొలతల వ్యవస్థను బలిపెట్టలేము."

ఆవిడ ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీకెలా ఉందండీ సార్, ఈ మధ్య?" అని అడిగింది.

"బాగుండడమైనది" అన్నారు. తలుపు వేసుకున్నారు.

ఆ రోజునుంచి ఏడుకొండలు అద్దాల గదిలో, ఏసీ కింద, ఎత్తు స్టూలు మీద. గుమ్మానికి బోర్డు: 'ప్రమాణ దుఃఖం. తాకరాదు.' పొద్దున్న పదిన్నరకి సిబ్బంది వరసగా వచ్చి, ఒక్కొక్కరూ అద్దం ముందు నిలబడి, ఈయన నూరైతే నేనెంత అని ఆలోచించుకుని, ఫోనులో అంకె వేసుకుని వెళ్లాలి. పాపం, అతనేమో అందరికీ నమస్కారం పెట్టేవాడు.

"ఆయనెదురుగా నిలబడేసరికి నా తొంభై అయిదు రెండుకి దిగిపోయిందండి. సిగ్గేసిందండి" అన్నాడు బుల్లిరాజు. నా తోడల్లుడు కూడా నాలుగుకి తగ్గాడు. కాగితం మీదే, ఇంట్లో ఆయన తగ్గలేదు. ఒక్క పక్షంలో మా ఆఫీసు సగటు దిగులు మూడున్నర. డాలు మాదేనని మేకు కూడా కొట్టించారు. అధికారి గారి అంకె మాత్రం ఎవరికీ తెలియదు. గెజిటెడ్ దుఃఖం గోప్యం. అది సీలు కవరులో నేరుగా పై ఆఫీసుకి వెళ్తుంది, అక్కడే యాప్‌లో ఎక్కిస్తారు.

ఒకరోజు నేను ఏడుకొండలు భుజం మీద చెయ్యి వెయ్యబోతే బుల్లిరాజు పరిగెత్తుకొచ్చి, "గ్లవుసండీ" అన్నాడు. గ్లవుసు వేసుకుని ఓదార్చాను. ఓదార్పు అందినట్టు లేదు.

"మొన్న ఇంటి దగ్గర ఒక్కణ్ణే విందామని కూర్చున్నానండి" అన్నాడు ఏడుకొండలు. "వేలు పెట్టానండి, తీసేశానండి. రాహేలు గారుంటే వింటానండి. ఒక్కణ్ణీ నా వల్ల కాదండి. ఇప్పుడు మరి ఇదొకటి వచ్చిందండి." ఫోను తీసి చూపించాడు. ఊరట యాప్ కొత్తది వేసుకోవాలట. ప్రమాణం ఫోనులో పాతది ఉండకూడదని ఉత్తర్వు, నెలాఖరు గడువు. పాత ఫోనులో చోటు లేదు. చోటు కోసం ఆ యాపే దయగా అడుగుతోంది: 'పాత శబ్ద సందేశాలు తొలగించమంటారా?'

"ఇంకో ఫోన్లోకి ఎక్కించి దాచుకోవచ్చయ్యా."

"బుల్లిరాజూ అదే అన్నాడండి. ఎక్కించేటప్పుడు మధ్యలో మోగేస్తే? ఆ స్కూటర్ల స్టాండులో, ఆ హారన్ల మధ్యన నేను వినాలా అండి ఆవిడ ఆఖరి మాట?"

నెలాఖరుకి రెండు గురువారాలున్నాయి.

నేను ధైర్యవంతుణ్ణి కాను. అధికారి దగ్గరికి వెళ్లి ఇది అన్యాయం అనగలిగేవాణ్ణయితే సీనియర్ అసిస్టెంటు దాకా వచ్చేవాణ్ణి కాదు. కానీ నా దగ్గర నిబంధనల పుస్తకం ఉంది. మా లోకంలో న్యాయం దొరకదు గానీ, వెతికితే నిబంధన దొరుకుతుంది. ఆ మధ్యాహ్నం నేను తూగలేదు. ఫైలు రాశాను.

'ప్రమాణములను నిర్ణీత కాలవ్యవధిలో, అర్హత గల పై అధికారిచే పునఃపరిశీలన చేయించవలెనని నిబంధన గలదు. ఇత్తడి ప్రమాణమునకు వ్యవధి రెండేళ్లు. అయితే ప్రస్తుత ప్రమాణం జీవించి ఉన్నది. ఇత్తడి నిలవుండును, పాలు నిలవుండవు. జీవ ప్రమాణమునకు వారమునకు ఒకసారి, ప్రతి గురువారం, ముప్పావుగంట పునఃపరిశీలన అవసరమని భావించవచ్చును. దుఃఖమును పరిశీలించు అర్హతాపత్రం ఈ ప్రాంగణంలో శ్రీమతి రాహేలు గారి వద్ద మాత్రమే ఉన్నది. ఉత్తర్వులకై సమర్పించడమైనది.'

మార్తాండమూర్తి గారు చదివి తల ఎత్తారు. ఆ కళ్లలో తడి కనిపించింది. మంచి నోట్ ఫైలు చదివితే ఆయనకి అలా అవుతుంది. "శంకరం గారూ, ఇంతటి లోపం నా దృష్టికి రాకపోవడం విచారించడమైనది. తక్షణం అమలుపరచండి. కానీ రవాణాలో కుదుపులుండరాదు."

ఆ గురువారం ఏడుకొండలు మణికట్టుకి పురికొస కట్టి సీసం సీలు వేశాం. అద్దాల గది నుంచి రాహేలు మేడమ్ గదికి ఇరవయ్యేడు అడుగులు. ముందు బుల్లిరాజు దారి ఇప్పిస్తూ, వెనక నేను రవాణా రసీదు పట్టుకుని, మధ్యలో ప్రమాణం తల వంచుకుని నడుస్తూ వెళ్లాం. మేడమ్ రసీదు మీద నేను చెప్పినట్టే రాసి సంతకం పెట్టింది: 'ప్రమాణ దుఃఖం ఒకటి, పాడవకుండా అందినది.' తరవాత అందరి ముందూ, గ్లవుసు లేకుండా, అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

ఆ వారం వినలేదు. అద్దాల గదిలో ఎలా ఉందో చెప్పడానికే సరిపోయిందిట.

రెండో గురువారం విన్నాడు.

ఏముందో నాకు తనే చెప్పాడు, కాలవ గట్టు మీద నిలబడి. "ఏమయ్యా, పాలు కాచి పెట్టావా? తోడేసుకో. తోడు లేకపోతే పక్కింటి పార్వతమ్మని అడుగు, సిగ్గుపడకు. పెరుగు లేందే నీకు ముద్ద దిగదు. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ మజ్జిగ నీళ్లలా ఉంటోంది, అదొక్కటే..." అక్కడ దగ్గొచ్చి ఆగిపోయిందిట.

తోడు అనే మాట మీద నేనొక శ్లేష వెయ్యగలను. ఇరవయ్యారేళ్ల అనుభవం ఉంది. వెయ్యలేదు.

"ఆఖరి మాట అంటే ఏదో ఉంటదనుకున్నానండి" అన్నాడు ఏడుకొండలు. "రోజూ అనే మాటేనండి." అని నవ్వాడు. నవ్వుతూ ఏడ్చాడు. ఏడుస్తూ నడిచి, పార్వతమ్మ గారింటి వైపు మలుపు తిరిగాడు.

మర్నాడు పొద్దున్న స్టూలు మీద కూర్చుని, ఊరట యాప్‌లో నిజాయితీగా తన అంకె వేశాడు. యాభై.

అంతే. పై ఆఫీసు కంప్యూటరులో భూకంపం వచ్చింది. వాళ్ల లెక్క ప్రకారం ఏడుకొండలు ఎంతుంటే అదే నూరు. నూరు కాస్తా యాభైకి కుంగితే, దానితో సరిచూసిన ప్రతి దుఃఖమూ రెండింతలు. బుల్లిరాజు దిగులు రెండు నుంచి నాలుగైంది, నాది నాలుగు నుంచి ఎనిమిదైంది. ఆఫీసు సగటు ఏడుకెక్కింది, డాలు చెయ్యి జారింది. అక్కడితో ఆగినా బాగుండేది. నూరు దాటిన వాళ్లెవరైనా ఉంటే వాళ్ల తోటి ఉద్యోగులందరినీ హెచ్చరించాలని యాప్‌లో ఏర్పాటుందిట. సరిగ్గా పదకొండింటికి మా నలభై ఒక్కరి ఫోన్లూ ఒకేసారి మోగాయి.

'మీ సహోద్యోగి మార్తాండమూర్తి నూట ఇరవై నాలుగు శాతం దుఃఖంలో ఉన్నారు. దయచేసి వారిని చూచి చిరునవ్వు నవ్వండి.'

సగం చేస్తే అరవై రెండు. అంటే ఇన్నాళ్లూ, ఏ సీలు కవరులోనో, ఎవరూ చూడరని తెలిసి కూడా, ఆయన అరవై రెండు వేస్తూ వచ్చారు. సున్నా వేసుంటే అడిగేవాడు లేడు. తప్పుడు కొలత రాయడం చేతకాలేదు.

ఆయన గదిలోంచి బయటికొచ్చారు. మేం నలభై ఒక్కరం ఉత్తర్వు ప్రకారం చిరునవ్వు నవ్వాం. అంత ఘోరమైన దృశ్యం నేను మళ్లీ చూడలేదు. ఆయన ఏడుకొండలు చేతిలో ఒక మెమో పెట్టి, వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. మెమో అందుకుంటే ఎవడైనా 'మేమో తప్పు చేశాం కాబోలు' అనుకుంటాడు. ఏడుకొండలు చదువుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. 'ప్రమాణ దుఃఖంలో యాభై శాతం తరుగు ఏర్పడినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.'

డెబ్బై దాటినవాళ్లు కౌన్సెలింగుకి తప్పనిసరిగా వెళ్లాలని కూడా సర్క్యులర్‌లో ఉంది. నిబంధన తెలిసిన మనిషి కాబట్టి, వచ్చే గురువారం దాకా ఆగకుండా, మేడమ్‌ని పిలిపించి, ఆ మధ్యాహ్నమే వెళ్లి ఆ గదిలో కూర్చున్నారు మార్తాండమూర్తి గారు. ముప్పావుగంట అయింది. గంట అయింది. రెండు కాఫీలు లోపలికి వెళ్లాయి, రెండూ చల్లారి వెనక్కొచ్చాయి.

బయటికొచ్చి నా బల్ల ముందు కుర్చీలో కూర్చున్నారు. ఆయన అక్కడ కూర్చోవడం అదే మొదలు.

"మా అన్నయ్య పోయాడయ్యా శంకరం" అన్నారు. "అప్పుడే. రెండో విడతలో. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే."

నేను ముందున్న ఫైలు మూసేశాను.

"ఆ వారం నాకు ఆక్సిజన్ సిలిండర్ల తూకం డ్యూటీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తూకం వేయించాను. ఒక్క సిలిండరులోనూ తేడా లేదు. అన్నయ్యకి మాత్రం అందలేదు. తూకంలో తేడా లేదయ్యా. ఎంత వెతికినా తేడా దొరకలేదు."

భుజం మీద చెయ్యి వేశాను. గ్లవుసు గుర్తు రాలేదు.

మూడో రోజు ఏడుకొండలు సంజాయిషీ ఇచ్చాడు. నేను రాసిస్తానన్నా వద్దన్నాడు. ఒకటే వాక్యం: 'అయ్యా, రోజూ తుడిచే రాయి కొంత అరుగును, ఆ అరుగుదల సంరక్షకుని నేరం కాదని తమరి నిబంధనల్లోనే ఉన్నది.'

అధికారి గారు పుస్తకం తీసి చూశారు. ఉంది. 'ఆమోదించడమైనది' అని రాశారు. అద్దాల గది బోర్డు ఆయనే పీకించారు. ఏడుకొండలు మళ్లీ తన ఇత్తడి రాళ్ల దగ్గరికి, చేతిలో పెరుగన్నం క్యారేజీతో వెళ్లిపోయాడు. ఇక అంతా సర్దుకుందనుకున్నాం. మా పై ఆఫీసు సంగతి ఇరవయ్యారేళ్లుగా తెలిసి కూడా అనుకున్నాం.

బుధవారం నాడు ఉత్తర్వు వచ్చింది. అరిగిపోయిన ప్రమాణమును ఉపసంహరించడమైనది. ఈ ప్రాంతంలో ఇప్పటివరకు నమోదైన దుఃఖములన్నిటిలో అత్యధికమైనది, పైగా ముప్పై ఏళ్లుగా తప్పుడు కొలత ఇవ్వని వ్యక్తిది అయినందున, శ్రీ మార్తాండమూర్తి గారి దుఃఖమును నూతన ప్రమాణముగా ప్రకటించడమైనది. రేపటి నుండి వారిని అద్దాల గదిలో ఉంచవలెను. ఓదార్పు నిషిద్ధం. కౌన్సెలింగు రద్దు.

ఆయన కాగితం రెండువైపులా చూశారు. వెనక ఏమీ లేదు. గుమ్మం దగ్గర బుల్లిరాజు పురికొస, సీసం సీలు పట్టుకుని వినయంగా నిలబడ్డాడు.

"శంకరం గారూ" అన్నారు మెల్లిగా. "ఆ పాల ఫైలు... నిలవుండవని రాశారే, అది ఎక్కడుందండీ?"

"బల్ల మీదే ఉందండి. పేరు మార్చడమే."

ప్రమాణాల గదిలోంచి ఏడుకొండలు వచ్చాడు. తన మెత్తటి గుడ్డతో రాహేలు మేడమ్ గది ముందున్న కుర్చీ ఓసారి తుడిచాడు.

"రేపే గురువారం సార్" అన్నాడు. "ముందు మీరెళ్లండి. నా వంతు తరవాతైనా పర్లేదండి."